సముద్రం విడదీసిన పత్తి, మనం కలిపిన చేలు



వానాకాలం ముందర ఒక ఊరి చావడి కాడ కూచున్నప్పుడు ఒక పెద్దాయన నన్నడిగిండు: "సారూ, మా నాయిన గావరాణి పత్తి ఏసేటోడు. దానికి దోమ అంతగా అంటకపోయేది. ఇప్పటి పత్తికి ఎన్ని మందులు కొట్టినా పురుగు పోదు. ఎందుకంటవ్?"

మంచి ప్రశ్న. దీని జవాబు చేనుతో మొదలుకాదు, సముద్రంతో మొదలవుతుంది.

పత్తి అంతా ఒకే జాతి కాదు. ఒకే వంశపు చెట్లు సముద్రాలకు ఆవల ఈవల పడి, అక్కడక్కడి నేలకు, వానకు, పురుగుకు అలవాటు పడుతూ, లక్షల ఏండ్లలో వేరు వేరు జాతులైనవి. గావరాణి వంటి దేశవాళీ పత్తి మన ప్రాంతపు జాతి. దాని కణంలో 26 క్రోమోజోములు, అనగా గుణాలను మోసే పోగులు, ఉంటవి. ఇప్పుడు మనం వేసే అమెరికన్ పత్తిలో ఇవి 52. ఈ రెంటినీ సంకరం చేస్తే పుట్టిన మొక్క సాధారణంగా గొడ్డుపోతుంది. అంత దూరమైనవన్న మాట.

దేశవాళీ పత్తి మన రసం పీల్చే పురుగుల నడుమ వేల ఏండ్లు బతికినది గనుక తట్టుకుంటుంది. పరాయి పత్తికి పింజ పొడుగు, దిగుబడి ఎక్కువ. కాని ఆ ఓర్పు తక్కువ.

ఇక గులాబీ రంగు పురుగు సంగతి. దీనికి ముఖ్యమైన తిండి పత్తి. మన దేశంలో 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు పురుగు చచ్చినది. అయితే వేలల్లో ఒకటి రెండు పురుగులకు ఆ విషం పట్టలేదు. బతికినవే పిల్లలను పెట్టినవి. 2010లో గుజరాత్‌లో ఇది బయటపడ్డది. తరువాత రెండు జన్యువుల బీటీకి కూడా పురుగు అలవాటు పడ్డది.

వెనుక చేనుకూ చేనుకూ నడుమ జొన్న, కంది, అడవి ఉండేవి. ఇప్పుడు యవత్‌మాల్ నుండి ఆదిలాబాద్ మీదుగా కరీంనగర్ దాకా పత్తి చేలు బారులు తీరినవి. రెక్కల పురుగుకు పెన్‌గంగ అడ్డమా, గోదావరి అడ్డమా? ఒక చోట మొండికెత్తిన పురుగు అన్ని చోట్లకూ పాకుతుంది.

దూరమనే కంచెను మనం తీసేసినాము. కాలంతో మరొక కంచె కట్టుకోవలెను. ఎట్లాగంటే:

నీళ్ళున్నవి గదా అని పంటను డిసెంబరు దాటి పొడిగించవద్దు. ఏరుడు కాగానే మేకలను, గొర్రెలను చేనులోకి తోలి మిగిలిన కాయలను మేపించండి. కట్టెను యంత్రంతో ముక్కలు చేసి కలియదున్నండి. ఇంటి ముందర కుప్ప పెట్టవద్దు. పురుగు ఎండిన కాయల్లో, జంట గింజల్లో నిద్రపోయి తరువాతి పంట దాకా కాచుకొని ఉంటుంది. చేను చుట్టూ బీటీ కాని పత్తి సాళ్ళు వేయండి. అక్కడ పెరిగే మెత్తని పురుగులు మొండి పురుగులతో జతకట్టి ఆ మొండితనాన్ని పలుచన చేస్తవి. లింగాకర్షక బుట్టలు పెట్టి పురుగు రాకను కనిపెట్టండి.

ఒక్కరు చేస్తే చాలదు. ఊరంతా ఒక్కసారే చేయవలెను. పక్క చేను కట్టె నిలిచి ఉంటే మన కష్టం వృథా.

పెద్దాయనకు కూడా ఇదే చెప్పిన. "అయితే ఈ యేడు ఊళ్ళె అందరినీ కూడేస్త సారూ," అన్నడు.