పొట్టకు నాలుగు పొరలు

లైపో చేయించుకోవాలా, టమ్మీ టక్ చేయించుకోవాలా అని అడిగావు. రెండు కాన్పులయ్యాక పొట్ట దిగలేదనీ, హైదరాబాద్‌లో ఒక డాక్టరు ఒకటి చెబితే ఇంకో డాక్టరు ఇంకోటి చెప్పాడనీ అన్నావు. ఈ ముసలాడిది సుద్దముక్క పట్టిన చెయ్యే గానీ కత్తి పట్టిన చెయ్యి కాదు. అయినా ఏది పీలుస్తారో, ఏది కోస్తారో, ఏది కుడతారో తెలిస్తే సగం తికమక తీరుతుంది. ఇలా వచ్చి కూచో తల్లీ.

ముందు చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడువు. బొడ్డు పక్కన రెండు వేళ్లతో పట్టుకో. వేళ్ల మధ్యకు వచ్చింది చర్మం, దాని కింది కొవ్వు. ఇప్పుడు తల కొంచెం పైకెత్తు. బొడ్డుకు పైనా కిందా, నడిమధ్యన వేళ్లు దిగబడే సందు తగులుతోందా? అక్కడే నిలువుగా ఉబ్బుతోందా? అయితే అది కండరాల సంగతి. పొట్ట ముందుకొచ్చి ఉండి కూడా వేళ్లకి చిక్కకుండా గట్టిగా ఉంటే ఆ కొవ్వు కండరాల గోడకి అవతల, పేగుల చుట్టూ ఉందన్నమాట. చర్మం, చర్మం కింది కొవ్వు, కండరాల గోడ, లోపలి కొవ్వు. పొట్టకి ఇవి నాలుగు పొరలు. నీ ఇబ్బంది ఏ పొరదో తేలకుండా ఆపరేషన్ పేరు ఎంచుకోవడం రోగం తెలియకుండా మందు పేరు అడగడమే.

బియ్యం కొట్లో మచ్చు చూడ్డానికి గోతంలోకి సన్నటి గొట్టం గుచ్చి గింజలు లాగుతారు, చూశావుగా. లైపోసక్షన్ అంటే అదే పని. నాలుగైదు మిల్లీమీటర్ల గాట్లు పెట్టి, గొట్టం దూర్చి, ముందుకీ వెనక్కీ ఆడిస్తూ చర్మం కింది కొవ్వును పీల్చేస్తారు. గింజలు తగ్గాయి సరే, గోతం గుడ్డ తగ్గుతుందా? వయసులో ఉన్న చర్మం, సాగని చర్మం అయితే ముడుచుకుంటుంది. రెండు కాన్పులకు సాగి చారలు పడిన చర్మంలో సాగే నారలు తెగి ఉంటాయి. కొవ్వు తీశాక అది ఇంకా వేలాడుతుంది. గోతం కుట్టే విడిపోతే గొట్టంతో ఏం లాభం? దబ్బనం పట్టాల్సిందే, మిగులు గుడ్డ కత్తిరించాల్సిందే. టమ్మీ టక్ అనే అబ్డామినోప్లాస్టీ ఆ పని చేస్తుంది.

మన రాష్ట్రంలో ఇది ఒక్క నీ గొడవ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60.7 సిజేరియన్లు. దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ అన్ని లేవు. దేశం సగటు 21.5. దాంతో "కోత వల్లే పొట్ట వచ్చింది" అన్న మాట ప్రతి అరుగు మీదా వినిపిస్తుంది. సగమే నిజం. సిజేరియన్‌లో పొట్ట కండరాలను మామూలుగా అడ్డంగా కొయ్యరు, చెరో పక్కకి జరుపుతారు. ఆ రెండు నిలువు కండరాల మధ్య సందు పడటం గర్భం వల్ల. మామూలు కాన్పయినా పడుతుంది. కోత గీత మాత్రం లోపలికి అతుక్కుని, దాని పైన కొవ్వు మడతలా వాలుతుంది. అది సిజేరియన్ ఖాతాలో రాసుకోవచ్చు. మీ అమ్మమ్మ కట్టిన నడికట్టు ఉందే, అది నడుముకి ఆసరా ఇస్తుంది, లేచి కూచోవడం తేలిక చేస్తుంది. కొవ్వును మాత్రం కరిగించదు. ఈ మాట ఆవిడ ముందు అనకు.

కాన్పయిన కొత్తలో ఆ సందు చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. అందుకే కనీసం ఆర్నెల్లు, పాలు మాన్పించేదాకా, ఏ ఆపరేషనూ వద్దంటారు. ఇంకో బిడ్డను కనే ఆలోచన ఉన్నా ఆగమంటారు. కుట్టిన కండరం మళ్లీ సాగుతుంది మరి.

టమ్మీ టక్ ఎంత పనో విను. ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా, లోదుస్తుల గీత కింద పడేలా కోస్తారు. చాలాసార్లు పాత సిజేరియన్ గీత ఇందులోనే పోతుంది. చర్మాన్నీ కొవ్వునూ కలిపి పక్కటెముకల దాకా లేపుతారు. బొడ్డును మాత్రం దాని కాడతో అక్కడే ఉంచి చుట్టూ కోసి వదిలేస్తారు. కండరాలను నడుమ గీత వెంట దగ్గరకి లాగి కుడతారు. చర్మాన్ని కిందికి లాగి, మిగిలింది కోసేసి, బొడ్డు వచ్చేచోట కొత్త రంధ్రం చేసి బయటికి తీస్తారు. మత్తులో రెండు మూడు గంటల పైన పని. లోపల ఊరే నీరు పోవడానికి తరచూ సన్నటి గొట్టాలు పెడతారు. కొన్నాళ్లు వంగి నడవాలి, ఆరు వారాల దాకా బరువు ఎత్తకూడదు. చంటివాడు పదకొండు కిలోలు. వాడిని ఎవరెత్తుకుంటారో ముందే తేల్చుకో.

ఈ కోత కొత్తదేం కాదు, 1899లోనే అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి చెందిన హోవర్డ్ కెల్లీ వేలాడే పొట్టను అడ్డంగా కోసి తీసేశాడు. కొవ్వు పీల్చడం దాని కంటే చాలా తర్వాతి విద్య. 1920లలో పారిస్‌లో డుజారియే అనే సర్జను ఒక నాట్యకత్తె కాలి కొవ్వును గోకుడు కత్తితో తీయబోతే రక్తనాళం తెగి, చివరికి కాలే తీసేయాల్సొచ్చింది. ఆ భయంతో చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ దాని జోలికి పోలేదు. 1970లలో రోమ్‌లో ఫిషర్ తండ్రీకొడుకులు, తర్వాత పారిస్‌లో ఇల్లూజ్ మొద్దు మొనల గొట్టంతో పీల్చడం నేర్పారు. మొద్దు మొన రక్తనాళాన్ని కొయ్యకుండా పక్కకి తోసుకుంటూ పోతుంది. 1980లలో కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ సెలైన్‌లో కాస్త మత్తుమందు, కాస్త అడ్రినలిన్ కలిపి ముందే కొవ్వులోకి నింపాడు. రక్తనాళాలు ముడుచుకుని రక్తం పోవడం బాగా తగ్గింది. నా లెక్కలో ఈ విద్యకు అసలు మేలు చేసింది ఆ ఉప్పునీళ్లే.

"లైపో చేయిస్తే షుగరు కూడా తగ్గుతుందట" అన్నావు చూడు, దాని దగ్గర ఆగాలి. 2004లో అమెరికాలో శామ్యూల్ క్లైన్ బృందం 15 మంది స్థూలకాయులైన ఆడవాళ్ల పొట్ట నుంచి సుమారు తొమ్మిది పది కిలోల కొవ్వు పీల్చేసింది. పది పన్నెండు వారాల తర్వాత పరీక్షిస్తే ఇన్సులిన్ పనితీరు, బీపీ, కొలెస్ట్రాల్ ఎక్కడివక్కడే ఉన్నాయి. అన్ని కిలోలు తిని తగ్గించుకుని ఉంటే, అదే, తక్కువ తిని తగ్గించుకుని ఉంటే, ఇవన్నీ మెరుగుపడేవి. ఎందుకంటే గొట్టం చేరేది రెండో పొరకే. షుగరును ఎగదోసేది నాలుగో పొర, కాలేయానికి పక్కనే ఉండే లోపలి కొవ్వు. దానికి ఏ అందాల ఆపరేషనూ లేదు. మీ ఆయన పొట్ట అదే. చేతులు కాళ్లు సన్నం, పొట్ట బిగువు. "నాకూ ఓ గొట్టం పెట్టించు" అన్నాడని నవ్వకు, గొట్టానికి అతని దగ్గర పని లేదని చెప్పు. నడకా, తగ్గించిన అన్నమూ ముందుగా కరిగించేది కూడా ఆ లోపలి కొవ్వునే.

ఇది మనవాళ్ల ఒంటి తీరు. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. అందుకే మన దేశంలో మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 80 దాటితే జాగ్రత్త పడమంటారు. దర్జీ టేపు చాలు.

పీల్చిన కొవ్వు మళ్లీ వస్తుందా అంటే, పెద్దయ్యాక కొవ్వు కణాల సంఖ్య దాదాపు మారదు. స్వీడన్‌లో కిర్‌స్టీ స్పాల్డింగ్ బృందం 2008లో దీన్ని తేల్చిన తీరు చిత్రంగా ఉంటుంది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో చేరిన కార్బన్-14 కణాల డీఎన్ఏలో ఎంతుందో చూసి వాటి వయసు కట్టారు. ఏడాదికి సుమారు పదో వంతు కణాలు చచ్చి, అన్నే పుడతాయి. మరి పీల్చేస్తే? 2011లో కొలరాడోలో తొడల కొవ్వు పీల్పించుకున్న కొందరు ఆడవాళ్లను ఏడాది గమనించారు. తొడలు సన్నగానే ఉన్నాయి, పోయిన కొవ్వు మాత్రం పొట్ట వైపు చేరి లెక్క సరిచేసుకుంది. లైపో ఆకారం దిద్దడానికే గానీ బరువు తగ్గడానికి కాదని డాక్టర్లు చెప్పేది ఇందుకే. బరువు నిలకడగా ఉన్నాకే ఏదైనా. చలితో కొవ్వును చంపే యంత్రాల సంగతి అడగబోతున్నావు. కొద్దిగా పనిచేస్తాయి. వేలాడే చర్మాన్ని ఏమీ చేయలేవు, అరుదుగా కొవ్వు తిరగబడి గట్టిగా పెరుగుతుంది కూడా.

'నువ్వు నాకు నచ్చావ్'లో వెంకటేష్ పక్కన నటించిన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31 ఏళ్లకే పోయింది. కొద్ది వారాల ముందు లైపో చేయించుకుందనీ, ఊపిరి ఇబ్బంది పడిందనీ పత్రికలు రాశాయి. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిదే కారణమని సైన్స్ ఒప్పుకోదు. కానీ ఈ ఆపరేషన్లలో భయపడాల్సిన చోటు ఊపిరితిత్తులేనన్నది నిజం. పీల్చేటప్పుడు నలిగిన కొవ్వు రక్తంలో కలిసి అక్కడికే పోవచ్చు. కాళ్లు కదలక పిక్కల్లో గడ్డకట్టిన రక్తమూ అక్కడికే పోతుంది. అందం కోసం చేసే ఆపరేషన్లలో ఈ గడ్డల బెడద టమ్మీ టక్‌కు ఎక్కువ. ఒక్కసారికి అయిదు లీటర్లు మించి పీల్చడాన్ని పెద్ద ఆపరేషన్‌గా లెక్కేసి, రాత్రి ఆస్పత్రిలోనే ఉంచి చూడాలంటారు.

దుమ్ముగూడెం, చర్ల వైపు వాళ్లకి ఇంకో మాట. మన భద్రాచలం ఏజెన్సీలో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. ఆక్సిజన్ తగ్గినా, ఒంట్లో నీరు తగ్గినా ఎర్రకణాలు వంకర తిరిగి నాళాలను మూసేస్తాయి. మత్తు ఇచ్చే ఏ ఆపరేషన్‌కైనా ముందు ఆ రక్తపరీక్ష అయ్యిందా అని అడగాలి. బొడ్డు దగ్గర హెర్నియా ఉందేమో స్కాన్ తీయించాలి. తెలియక గొట్టం దూర్చితే పేగుకే చిల్లు పడొచ్చు. చుట్టలు, సిగరెట్లు నెల ముందే మానాలి, లేకుంటే లేపిన చర్మానికి రక్తం అందక నల్లబడుతుంది. డాక్టరు బోర్డు మీద ప్లాస్టిక్ సర్జరీ ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ఉందా, మత్తు డాక్టరు వేరుగా ఉంటాడా, రాత్రి ఏదైనా అయితే ఐసీయూ ఎక్కడ? ఈ మూడూ అడిగితే కసిరే చోట ఉండకు. బీమా సొమ్ము దీనికి రాదు, ఖర్చంతా మీదే.

నీ పొట్ట చూస్తే నాకు సందు తగిలింది, చర్మం వేలాడుతోంది, కొవ్వు అంతగా లేదు. లైపో ఒక్కటే చెప్పిన డాక్టరు కంటే, తల ఎత్తించి చూసిన డాక్టరు మాట వినమంటాను. ముందు నాలుగు నెలలు ఫిజియోథెరపీ వాళ్లు నేర్పే పొట్ట వ్యాయామాలు చేసి చూడు. నడుం నొప్పి పోయి, ఆకారం మాత్రమే మిగిలితే అప్పుడు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

చేయించుకుంటే మాత్రం మర్నాడే భద్రాచలం బస్సెక్కకు. మూడొందల కిలోమీటర్లు కాళ్లు ముడుచుక్కూచుంటే పిక్కల్లో గడ్డ కట్టడానికి అంతకంటే వీలైన చోటు లేదు. గొట్టాలు తీసి, డాక్టరు పొమ్మనేదాకా ఉప్పల్‌లో మీ పిన్ని ఇంట్లో ఉండు, రోజూ పూటపూటా నాలుగడుగులు వెయ్యి. చంటివాడు మా దగ్గరుంటాడు. ఆరు వారాలని మీ అమ్మమ్మకి నేనింకా చెప్పలేదు, ఆ పని నీదే.