నల్లరేగడి నేల మీద ఆర్టిఫిషియల్ గ్రాస్ వేయించాలంటే...

ఈ ఎపిసోడ్‌లో ఒకటే విషయం మాట్లాడుకుందాం. ఇంటి ముందు కాస్త ఖాళీ స్థలం ఉంది, నేల నల్లరేగడి. లాన్ పెంచుదామంటే వానాకాలం బురద, ఎండాకాలం నెర్రెలు. విసుగొచ్చి ఆర్టిఫిషియల్ గ్రాస్ వేయిద్దామనుకుంటున్నారు. ఏది మంచిది, ఎన్ని ఎం.ఎం. తీసుకోవాలి అని అడుగుతుంటారు. అదీ చెప్తాను. ముందు నేల సంగతి చూద్దాం, రేగడిలో డబ్బు పోయేది అక్కడే కాబట్టి.

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు ఇళ్లున్నవాళ్లకి ఈ నేల గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఇందులో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఎక్కువ. దాని పొరల మధ్యకి నీళ్లు దూరితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. మే నెలలో చెయ్యి పట్టేంత నెర్రె విడిచిన నేలే ఆగస్టులో పైకి లేస్తుంది. ఒకసారి ఉబ్బిందంటే నీళ్లు కిందకి దిగడం దాదాపు ఆగిపోతుంది. అలాంటి నేల మీద నేరుగా గడ్డి పరిచి మేకులు కొట్టారనుకోండి, మట్టి ముడుచుకున్నప్పుడు మేకులు వదులైపోతాయి, గడ్డి అక్కడక్కడా కుంగుతుంది, వానకి ఆ గుంటల్లో నీళ్లు నిలుస్తాయి.

అందుకే తవ్వి కంకర పోయమంటారు. మంచిదే, కానీ ఇక్కడ ఒక తిరకాసు ఉంది. రేగడిలో గొయ్యి తవ్వి కంకర నింపితే అది నీళ్ల తొట్టి అవుతుంది. లెక్క చూడండి. 13 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు స్థలం, అంటే 260 చదరపు అడుగులు. గంటలో 50 మి.మీ. వాన పడితే దాని మీద పడేవి సుమారు 1,200 లీటర్లు. 4 అంగుళాల కంకరలో ఖాళీలు 40 శాతం అనుకున్నా పట్టేది వెయ్యి లీటర్లలోపే. మిగతావి ఎక్కడికి పోవాలి? పట్టిన నీళ్లయినా రోజుల తరబడి అక్కడే ఉంటాయి. గడ్డి కింద వాసన సంగతి అలా ఉంచండి, ఆ తొట్టి ఇంటి పునాదిని ఆనుకుని ఉంటే ఆ వైపు మట్టి ఉబ్బుతుంది, రెండోవైపు పొడిగానే ఉంటుంది. గోడలకి పగుళ్లు అలాగే వస్తాయి. లాన్ కోసం మొదలుపెట్టి ఇంటి మీదకి తెచ్చుకోవడమే కదండీ ఇది.

కాబట్టి మేస్త్రీకి మొదట చెప్పాల్సిన మాట: గొయ్యి అడుగు భాగమే వాలుగా ఉండాలి, ఇంటి నుంచి బయటికి, 10 అడుగులకి ఒకటిన్నర అంగుళం. పైన వాలు పెట్టి అడుగు చదునుగా వదిలేస్తే ఉపయోగం లేదు. పల్లం చివర చిల్లులున్న పీవీసీ పైపు వేసి, నీళ్లు బయటికి పోయే దారి చూపించాలి. ఆ దారి లేకపోతే పని మొదలుపెట్టకండి.

తర్వాత పొరలు. దాదాపు అడుగు లోతు రేగడి తీసేసి, 6 అంగుళాలు మంచి మొరం, కోస్తా వైపు గ్రావెల్ అంటారు, రెండు విడతలుగా కాస్త తడిపి దిమ్మిస చేయించాలి. మొరం ఉబ్బదు, కింద రేగడి కదలికని కొంత అణిచిపెడుతుంది. దాని మీద జియో టెక్స్‌టైల్ క్లాత్, లేకపోతే కింది మట్టి మెల్లగా కంకరలోకి ఎక్కుతుంది. ఆపైన 4 అంగుళాలు 20 ఎం.ఎం. కంకర, చివర సన్న చిప్స్ పల్చగా. క్రషర్ డస్ట్ మందంగా పోస్తామంటే వద్దనండి, గట్టిపడి నీటిని ఆపుతుంది. తుంగ ఉంటే గడ్డలతో సహా ఏరించాలి. దాని మొలక క్లాత్‌ని కూడా పొడుచుకుని పైకి వస్తుంది. అంచుల్లో మేకులు మట్టిలోకి కాకుండా, చుట్టూ చిన్న కాంక్రీట్ అంచు కట్టించి దానికి బిగించుకుంటే మేలు.

ఇప్పుడు గడ్డి. షాపులో అందరూ పైన నిమురుతారు. మీరు తిరగేసి చూడండి. వెనక నల్లటి బ్యాకింగ్‌కి వరుసగా చిల్లులుండాలి. శాంపిల్ ముక్క మీద చెంబుడు నీళ్లు పోయమనండి, ఎంతసేపట్లో దిగుతుందో మీకే తెలుస్తుంది. పోచలు గట్టిగా లాగి చూడండి, ఊడి చేతికి రాకూడదు. ఎత్తు 30, 35 ఎం.ఎం. చాలు. 50 ఎం.ఎం. మెత్తగా ఉంటుంది కానీ నడిచిన చోట త్వరగా పడుకుండిపోతుంది. పోచ పాలీఇథిలీన్‌ది అయితే ఇంటికి సరిపోతుంది. పాలీప్రొపిలీన్ చవక, కానీ నలిగితే సరిగ్గా లేవదు. రోల్ వెడల్పు సాధారణంగా 2 మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు. 13 అడుగుల స్థలానికి రెండు పట్టీలు, మధ్యలో ఒకే అతుకు. మీ కొలత 14 అడుగులైతే అడుగు కోసం మూడో పట్టీ కొనే బదులు ఆ అడుగులో పూలకుండీలు పెట్టుకోండి.

ఒక్కటి మాత్రం షాపువాళ్లు చెప్పరు. మన ఎండకి ఇది కాలుతుంది. మండుటెండలో ప్లాస్టిక్ గడ్డి 60 డిగ్రీలు దాటగలదు. నీళ్లు చల్లితే కాసేపు చల్లబడి మళ్లీ వేడెక్కుతుంది. చిన్నపిల్లల్ని మధ్యాహ్నం ఒట్టికాళ్లతో దాని మీదకి వదలకండి. అందుకే ఇంటినీడ పడేచోటికి, గరిక కూడా ఎదగని సందులకి ఇది బాగుంటుంది. పూర్తి ఎండలో ఉన్న స్థలమైతే, నన్నడిగితే గరికే వేసుకోమంటాను. రేగడి దానికి ఇష్టమైన నేల.

చివరగా, నీళ్లు దిగుతాయో లేదో అడుగు గొయ్యి తీసి చూసుకోవచ్చు. ఎండాకాలంలో చూస్తే నెర్రెల్లోకి నీళ్లు మాయమై, బాగానే దిగుతోందనిపిస్తుంది. రెండు మూడు రోజులు వరసగా నింపి, ఆ తర్వాత కొలవండి. పని మాత్రం వానలు తగ్గి నెర్రెలింకా విడవని రోజుల్లో, డిసెంబరు జనవరిలో పెట్టుకోండి. కొటేషన్‌లో గడ్డి రేటు ఒకటే రాసిస్తే ఒప్పుకోకండి. తవ్వకం లోతు, మొరం, కంకర, పైపు, నీళ్లు బయటికి పోయే చోటు విడివిడిగా రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.