ధోల్‌పూర్ హౌస్‌లో అరగంట

న్యూఢిల్లీ: షాజహాన్ రోడ్డులోని ధోల్‌పూర్ హౌస్‌లో ఏళ్ల శ్రమ ఫలితం సుమారు అరగంటలో తేలిపోతుంది. సివిల్ సర్వీసెస్ మెయిన్ పరీక్షలో నెగ్గినవారికి కేంద్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ వ్యక్తిత్వ పరీక్ష నిర్వహించేది ఇక్కడే. మొత్తం 2,025 మార్కులలో దీనికి కేటాయించినవి 275. ఖాళీలకు సుమారు రెట్టింపు సంఖ్యలో అభ్యర్థులను పిలుస్తారు. ఎంపిక కానివారు మరో యత్నం చేయదలిస్తే తిరిగి ప్రిలిమినరీ నుంచే ప్రారంభించాలి.

విషయ పరిజ్ఞానాన్ని కొలిచే పని రాత పరీక్షతోనే ముగుస్తుంది. ఇక్కడ మానసిక చురుకుదనం, తర్కబద్ధమైన అభివ్యక్తి, సమతూకంగల నిర్ణయశక్తి, నైతిక నిష్ఠలను బోర్డు సభ్యులు సంభాషణ ద్వారా అంచనా వేస్తారు.

అందుచేత సన్నాహం అభ్యర్థి స్వయంగా నింపిన దరఖాస్తుతోనే మొదలుకావాలి. స్వస్థలం, చదువు, ఉద్యోగం, అభిరుచి... ప్రతి పంక్తీ ఒక ప్రశ్నకు దారితీయవచ్చు. తోటపని తన అభిరుచి అని రాసిన అభ్యర్థి తన ఊరి నేల స్వభావాన్ని చెప్పలేకపోతే, ఆ అభిరుచి నిజమేనా అన్న సందేహం సభ్యులకు కలుగుతుంది. తెలియని విషయాన్ని తెలియదని ఒప్పుకోవడం కంటే, ఊహించి చెప్పి దొరికిపోవడమే ఎక్కువ నష్టం.

మెయిన్ పరీక్షను తెలుగులో రాసినవారు ఇంటర్వ్యూలోనూ తెలుగులో సమాధానాలు చెప్పవచ్చు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ 2016 పరీక్షలో దుబాసీ సహాయంతో తెలుగులోనే మాట్లాడి, జాతీయ స్థాయిలో మూడో ర్యాంకు సాధించారు.