ముసలితనమా? మందుబిళ్ళా?

కిందటి సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే, డెబ్భై దాటిన మా నాయనమ్మ నన్ను గుర్తుపట్టలేదు. ఎప్పుడో పోయిన తాతయ్యకు అన్నం పెట్టమని రాత్రంతా ఒకటే గొడవ. నోరు పిడచగట్టుకుపోతోంది. "వయసు మీద పడింది, ఇంక అంతేలే" అన్నారు ఇరుగుపొరుగు. డాక్టరుగారు మాత్రం ముందుగా అడిగింది ఒకటే: "ఏ మందులు వేసుకుంటోంది?"

దుకాణంలో కొన్న జలుబు బిళ్ళలు! నిద్ర బాగా పడుతోందని నెల్లాళ్ళుగా పూటపూటా మింగుతోందట. వాటిలో ఉన్నది క్లోర్‌ఫెనిరమిన్.

నాడులు కబురు పంపుకునే రసాయనాల్లో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. దీన్ని పట్టిచ్చింది, ఒకప్పుడు మన ల్యాబుల్లో కోసిన కప్పే! 1921లో ఆటో లోవీ ఒక కప్ప గుండెకు వెళ్ళే వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండెలోని ద్రవాన్ని మరో కప్ప గుండెకు అందించాడు. అదీ నెమ్మదించింది. 1936లో ఆయనకూ, హెన్రీ డేల్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. మన జ్ఞాపకానికీ, ధ్యాసకీ ఈ రసాయనం కావాలి.

ఉమ్మెత్తకాయ తిన్నవాడు పిచ్చిగా మాట్లాడతాడని పల్లెల్లో అందరికీ తెలుసు. అందులోని అట్రోపిన్ వంటి పదార్థాలు ఎసిటైల్‌కోలిన్ పనికి అడ్డుపడతాయి. కొన్ని పురుగుమందుల విషం ఎక్కిన రైతుకు ఒంట్లో అదే రసాయనం పేరుకుపోతుంది గనుక అక్కడ అట్రోపిన్ ప్రాణం నిలుపుతుంది. క్లోర్‌ఫెనిరమిన్ కూడా, ఉమ్మెత్తంత జోరుగా కాకపోయినా, అదే దారికి అడ్డం. మనకైతే కాస్త మగత. పెద్దవాళ్ళ ఒంట్లోంచి మందు త్వరగా పోదు, మెదడు తికమకపడుతుంది.

అమెరికాలోని సియాటిల్‌లో 65 దాటిన 3,434 మందిని గమనించిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. ఈ కోవ మందులు ఏళ్ళ తరబడి ఎక్కువగా వాడినవారిలో డిమెన్షియా ఎక్కువగా కనిపించింది. మందే కారణమని అది రుజువు కాదు. కానీ హెచ్చరికగా చాలదూ?

మిత్రులారా! ఇంట్లో పెద్దవాళ్ళకు ఉన్నట్టుండి మతి తప్పితే వయసు మీదకు నెట్టెయ్యకండి. వాళ్ళ మందులన్నీ సంచిలో వేసుకెళ్ళి డాక్టరుకు చూపించండి. అలాగని మూర్ఛ మందులు, నిద్రమాత్రలు సొంతంగా ఠక్కున మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు.

డాక్టరుగారు బిళ్ళ మాన్పించిన నాలుగోరోజు పొద్దున్నే నాయనమ్మ నన్ను చూసి, "ఎప్పుడొచ్చావురా? ఏమన్నా తిన్నావా?" అంది.