నగరం మీద దేవయాని

రెండో ప్రపంచయుద్ధం రోజులు. జపాన్ దాడి భయంతో లాస్ ఏంజెలెస్‌లో దీపాలు ఆర్పేశారు. ఆ ఊరి పక్కనే ఉన్న మౌంట్ విల్సన్ కొండ మీద ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడే 100 అంగుళాల టెలిస్కోపును దేవయాని గెలాక్సీ వైపు తిప్పాడు. అతను జర్మనీ పౌరుడు. యుద్ధ పరిశోధనల్లోకి రానివ్వలేదు కాబట్టి రాత్రులన్నీ టెలిస్కోపు దగ్గరే గడిచాయి. ఎర్రని కాంతిని పట్టే ప్లేట్లకు గంటల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చి, అంతవరకూ ముద్దలా కనిపించిన గెలాక్సీ నడిబొడ్డులో చుక్కలను విడివిడిగా చూపించాడు. 1944లో ఆ ఫలితం అచ్చయింది.

ఈ రోజుల్లో దేవయాని కోసం ఏ నగరమూ దీపాలు ఆర్పదు. అయినా మహానగరాల మేడల మీంచే దాని సర్పిలాకార భుజాలనూ, ధూళి చారలనూ కెమెరాకు చిక్కించుకుంటున్నారు ఔత్సాహికులు.

పని మొదలయ్యేది నిరాశతోనే. ఒక నిమిషం ఫ్రేమ్ తెరిస్తే తెరంతా బూడిదరంగు వెలుగు, మధ్యలో పత్తిపింజలాంటి మచ్చ, అంతే. 25 లక్షల కాంతి సంవత్సరాలు దాటి వచ్చిన వెలుతురు అందులోనే ఉంది. కానీ మహానగరపు ఆకాశం పల్లె చీకటి కన్నా 40 రెట్లు వెలుగుతుంటే, ఆ వెలుగు తెచ్చిపెట్టే నాయిస్‌లో సన్నని వివరాలన్నీ మునిగిపోతాయి.

మందు ఒకటే, సమయం. వందల ఫ్రేములు తీసి ఒకదానిపై ఒకటి పేరిస్తే గెలాక్సీ కాంతి ఫ్రేముల లెక్కన పెరుగుతుంది, నాయిస్ మాత్రం దాని వర్గమూలం లెక్కనే పెరుగుతుంది. నాలుగు రెట్లు సేపు తీస్తే బొమ్మ రెండు రెట్లు తేటపడుతుంది. పల్లెలో ఒక గంటలో దొరికేదానికి నగరంలో సుమారు 40 గంటలు కూర్చోవాలి. తెల్లవారుజామున టెలిస్కోపు మూతికి తెల్ల బట్ట కట్టి ‘ఫ్లాట్స్’ (దుమ్ము నీడలను దిద్దే ఫ్రేములు) తీయడం మరచిపోతే, సెన్సర్ మీది దుమ్ము మచ్చలు కూడా గెలాక్సీతోపాటు పైకి తేలతాయి.

ఫిల్టర్లు కొంతవరకే ఆదుకుంటాయి. పాత సోడియం దీపాల పసుపు కాంతిని ఆపడం తేలిక. తెల్ల ఎల్ఈడీ అన్ని రంగుల్లోనూ పరుచుకుంటుంది, గెలాక్సీలోని చుక్కల కాంతీ అంతే. రెంటినీ వేరుచేయలేం. గులాబీరంగు హైడ్రోజన్ మేఘాలు మాత్రం 656 నానోమీటర్ల దగ్గర వెలుగుతాయి కనుక, సన్నని ఫిల్టర్‌తో నగరంలోనూ దొరుకుతాయి.

ఓపిక ఎంత దూరం తీసుకెళ్తుందో 2023 జనవరిలో తెలిసింది. డ్రెక్స్‌లర్, స్ట్రాట్నర్, సైంటీ అనే ఔత్సాహికుల బృందం ఆక్సిజన్ ఫిల్టర్‌తో గంటల తరబడి దేవయానిని తీసి, దాని పక్కన అప్పటిదాకా ఎవరూ చూడని పొడవాటి వాయు చాపాన్ని బయటపెట్టింది.

మొదలుపెట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. మామూలు డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్సు, ట్రైపాడ్ చాలు. కార్తిక అమావాస్య నాడు రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య దేవయాని ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటుంది. మేడ మీది లైటు ఆర్పి, అయిదేసి సెకన్ల ఫ్రేములు ఓ మూడొందలు తీసి కలిపి చూడండి.