గోరంట, గోరింట, మైదాకు: పెరటి పొదల పెంపకం - నామసందిగ్ధత

వ్యాససంగ్రహం:
ఆకు కోసం, కంచె కోసం తెలుగువారు పెరట్లో పెంచే గోరింట పొద, కావ్యాల్లో కురవకంగా కనిపించే గోరంట పొద వేర్వేరు వృక్షకుటుంబాలకు చెందినవి. పేర్ల సామ్యం కావ్యార్థవివరణలోనూ, మొక్కల ఎంపికలోనూ పొరపాట్లకు తావిస్తోంది. అంబర్‌పేట పరిసరాల నేలను దృష్టిలో ఉంచుకొని ఈ పొదలను గుర్తించే విధానాన్ని, వాటి పెంపకాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: గోరింట, గోరంట, కురవకం, మైదాకు, మేఘదూతం, పెరటితోట.

1. ఉపోద్ఘాతం:
కాళిదాసు మేఘదూతంలో యక్షుడు అలకాపురిలోని తన ఇంటి గుర్తులు చెబుతూ, ఉద్యానంలోని మాధవీమండపానికి కురవకపు కంచె ఉందంటాడు. తెలుగు తరగతిగదుల్లో కురవకానికి 'గోరంట' అని అర్థం చెప్పడం పరిపాటి. ఆ అర్థం సరైనదే. కాని నేటి విద్యార్థికి గోరంట, గోరింట ఒక్కటే కావడం వల్ల, ఆషాఢమాసంలో రుబ్బి చేతులకు పెట్టుకొనే ఆకే అతని మనసులో మెదులుతుంది. యక్షుని తోటలో పూలపొద ఉండవలసిన చోట ఆకుపొద వచ్చి చేరుతుంది.

2. పేరొకటి, పొదలు రెండు:
అమరకోశం ఎర్రపూల పొదను కురవకమని, పచ్చపూల పొదను కురంటకమని వేరుచేసింది. వీటిని సాధారణంగా బార్లేరియా ప్రజాతి మొక్కలుగా గుర్తిస్తున్నారు. అడ్డసరం ఉన్న కుటుంబమే వీటిదీ. పచ్చపూల ముళ్ళగోరంట శాస్త్రనామం బార్లేరియా ప్రియోనైటిస్. స్త్రీ ఆలింగనంతో కురవకం పూస్తుందన్న కవిసమయం ఎర్రగోరంటకు సంబంధించినది. కవులు ఈ దోహదానికి ముళ్ళగోరంటను ఎన్నుకోకపోవడం నాయికల అదృష్టం.

చేతిని పండించే గోరింట లాసోనియా ఇనెర్మిస్. ఇది దానిమ్మ కుటుంబానికి చెందినది. 1753లో లిన్నేయస్ పెట్టిన ఈ పేరులో 'ఇనెర్మిస్' అంటే ముళ్ళు లేనిదని అర్థం. అదే గ్రంథంలో ఆయన ముళ్ళున్న పొదను 'లాసోనియా స్పైనోసా' అని మరో జాతిగా పేర్కొన్నాడు. తరువాతి శాస్త్రజ్ఞులు రెండూ ఒకటేనని నిర్ణయించారు. లేతపొదకు ముళ్ళుండవు, ముదిరేకొద్దీ కొమ్మల కొనలు గట్టిపడి ముళ్ళవుతాయి. కాబట్టి ముళ్ళను చూసి గోరింటను గుర్తించబూనడం సరికాదు. గుత్తులుగా పూసే చిన్న పూలు, వాటి పరిమళం, మిరియాల వంటి గుండ్రని కాయలు గోరింటకు నమ్మదగిన గుర్తులు. గోరంట పూలు గొట్టం ఆకారంలో, పెద్దవిగా ఉంటాయి.

గోరు, అంటు అనే మాటల కలయికగా చెప్పే వ్యుత్పత్తి ఆకుపొదకు చక్కగా అతుకుతుంది. అయితే కురంటక, గోరంట శబ్దాల సామ్యాన్ని కూడా తోసిపుచ్చలేం. తెలంగాణ వాడుకలోని 'మైదాకు' ఈ చిక్కు లేని మాట. మెహందీ శబ్దానికి దగ్గరగా ఉండి, ఆకుపొదను మాత్రమే సూచిస్తుంది. శిష్టభాష కలిపేసినదాన్ని అంబర్‌పేట ఇళ్ళలోని వాడుక విడదీసిందన్నమాట.

3. పెంపకం:
అంబర్‌పేట, రామంతాపూర్, ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో గ్రానైటు శిల మీద ఏర్పడిన ఎర్రనేల గోరింటకు అనువైనది. ఎండను, నీటి ఎద్దడిని తట్టుకొనే ఈ పొద వేళ్ళ దగ్గర నీరు నిలిస్తే మాత్రం తట్టుకోలేదు. మూసీ వైపు పల్లపు స్థలాల్లో మట్టిని ఎత్తుచేసి నాటడం మంచిది. విత్తనాలు చాలా చిన్నవి, మొలక ఆలస్యం. తొలకరిలో పెన్సిలు మందం ఉన్న జానెడు కొమ్మలను రెండు మూడు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చడం సులభమార్గం. కంచెకు అడుగు దూరం చాలు. మొదటి ఏడాది క్రమంగా నీరు పోయాలి. అపార్టుమెంట్ల నీడలో పొద సన్నగా సాగుతుంది, పూత తగ్గుతుంది.

కత్తిరింపు విషయంలో పెంచేవారు ఆకు కావాలో, పువ్వు కావాలో తేల్చుకోవాలి. పూలు కొత్త చిగుళ్ళ చివర పూస్తాయి కనుక తరచూ కత్తిరించే కంచె పూయదు. వేసవి చివర కత్తిరిస్తే తొలకరికి చిగుళ్ళు వచ్చి, ఆషాఢానికి లేత ఆకు సిద్ధమవుతుంది. లాసోన్ అనే రంగుపదార్థం లేత ఆకులోనే ఎక్కువ. ఆకును రుబ్బినప్పుడు వెలువడే లాసోన్ చర్మంలో, గోళ్ళలో ఉండే కెరటిన్‌తో బంధం ఏర్పరచుకొంటుంది. చింతపండు, నిమ్మరసాల పులుపు అందుకు తోడ్పడుతుంది. ఆషాఢపు ఆచారానికి ఇతర కారణాలు ఎన్ని చెప్పినా, పొద చిగిర్చే కాలంతో దానికున్న పొత్తు స్పష్టం.

యక్షుని కంచె కావాలనుకొనేవారు నాటవలసింది బార్లేరియా క్రిస్టాటా. కురవకంగా ఎక్కువగా గుర్తిస్తున్నది ఈ జాతినే. ఇదీ కొమ్మతో బతుకుతుంది, కొంత నీడను ఓర్చుకొంటుంది. వానలు వెనుకబట్టాక మొదలై చలికాలమంతా ఊదా, గులాబి, తెలుపు రంగుల్లో పూస్తుంది. విద్యార్థులకు ఇది కొత్త మొక్కేమీ కాదు. వాళ్ళ ఇళ్ళలో దీన్ని డిసెంబరాలు అంటారు.