పాస్‌వర్డ్ సరైనదే, తలుపు ఎందుకు తెరుచుకోదు?

జంషెడ్‌పూర్‌లో 1912లో తొలి ఉక్కు తయారైంది. ఆ కర్మాగారాన్ని నమ్ముకుని ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలోని పిల్లలకు కర్మాగారం గేటు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడ తేలవలసినవి రెండు విషయాలు. మొదటిది, వచ్చిన మనిషి ఎవరు? రెండోది, అతనికి ఎక్కడిదాకా వెళ్లే అనుమతి ఉంది? గేటు దాటినంత మాత్రాన కొలిమి దాకా వెళ్లనివ్వరు కదా!

జావా భాషలో తయారుచేసిన వెబ్‌సైట్లలో లాగిన్ పద్ధతి కూడా ఇలాంటిదే. ఆ నగరం పక్కనే ఉన్న ఆదిత్యపూర్‌లో కొందరు ఇంజనీరింగ్ విద్యార్థులు తమ హాస్టల్ గ్రంథాలయానికి ఒక వెబ్‌సైట్ తయారుచేశారనుకుందాం. అందులో తోటి విద్యార్థుల ఫోన్ నంబర్లు, బాకీల వివరాలు ఉన్నాయి. తెల్లవారితే దానిని అందరికీ చూపాలి. కానీ లాగిన్ కావడం లేదు. పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చి చూశారు, లాభం లేదు. ఇక తాళమే తీసేద్దామన్నాడు ఒకడు. అలా చేస్తే అందరి వివరాలూ వీధిన పడతాయి. అసలు లోపం ఎక్కడుందో వెతకడమే సరైన మార్గం.

మతిమరుపు కాపలాదారు

బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ పద్ధతికి జ్ఞాపకశక్తి లేదు. ఒక్కొక్క పేజీని అడిగినప్పుడల్లా మీరు కొత్త మనిషే! ఈ లోటును తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ సంస్థలో 'కుకీ' పుట్టింది. సర్వర్ మీకొక టోకెన్ నంబరు ఇస్తుంది. బ్రౌజర్ ప్రతిసారీ దానిని చూపుతుంది. జావా సర్వర్లు ఇచ్చే ఈ టోకెన్ పేరు సాధారణంగా జెసెషన్‌ఐడి.

1999లో వెలువడిన సర్వ్‌లెట్ 2.2 నిర్దేశాలలో ఫారం ద్వారా లాగిన్ అయ్యే పద్ధతికి చోటు దొరికింది. అది పనిచేసే తీరు ఇది. మీరు తాళం వేసిన పేజీని అడుగుతారు. టామ్‌క్యాట్ వంటి సర్వర్ ఆ కోరికను గుర్తుపెట్టుకుని, మీకు లాగిన్ ఫారం పంపుతుంది. మీరు పేరు, పాస్‌వర్డ్ నింపి పంపుతారు. అవి సరిపోతే, మొదట అడిగిన పేజీకే మిమ్మల్ని తీసుకువెళుతుంది. ఈ మెట్లలో ఏది విరిగినా మనకు కనిపించేది ఒక్కటే: 'లాగిన్ కాలేదు'. అందుకే అందరి అనుమానమూ పాస్‌వర్డ్ మీదికే పోతుంది.

అంకెలు చెప్పే ఆచూకీ

డాక్టరు నాడి చూసినట్లు, ముందు తెర మీద కనిపించే అంకెను చూడాలి.

404 వస్తే, ఫారం చేరవలసిన చోటికి చేరలేదన్నమాట. ఫారం చిరునామా జె_సెక్యూరిటీ_చెక్ అనీ, పేరు గడి జె_యూజర్‌నేమ్ అనీ, పాస్‌వర్డ్ గడి జె_పాస్‌వర్డ్ అనీ ఉండి తీరాలి. ఈనాటి జకార్తా నిర్దేశాలలోనూ ఇవే పేర్లు. చిరునామా ముందు ఒక్క ఏటవాలు గీత ఎక్కువైనా ఫారం మన వెబ్‌సైట్‌ను వదిలి సర్వర్ మొదటి వాకిటికి పోతుంది.

400 గాని 408 గాని వస్తే, మీరు నేరుగా లాగిన్ పేజీనే తెరిచి ఉండవచ్చు. మొదట అడిగిన పేజీ అంటూ లేదు కాబట్టి, పాస్‌వర్డ్ సరిపోయినా ఎక్కడికి పంపాలో టామ్‌క్యాట్‌కు తెలియదు. లాగిన్ పేజీ తెరిచి ఉంచి భోజనానికి వెళ్లి వచ్చినా ఇదే జరగవచ్చు. టామ్‌క్యాట్‌లో టోకెన్ గడువు మామూలుగా 30 నిమిషాలే.

403 వస్తే సంతోషించండి, పాస్‌వర్డ్ సరైనదే! మీరెవరో సర్వర్‌కు తెలిసింది, కానీ ఆ పేజీకి మీకు అనుమతి లేదు. అనుమతి 'రోల్' అనే హోదాను బట్టి వస్తుంది. అమరికలో 'స్టూడెంట్' అని, డేటాబేసులో 'స్టూడెంట్స్' అని రాసినా సరే, సర్వర్ లెక్కలో అవి రెండు వేర్వేరు హోదాలు.

ఇక, ఎప్పుడూ తప్పు పాస్‌వర్డ్ పేజీయే వస్తుంటే డేటాబేసును చూడాలి. పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచకూడదు, 'హ్యాష్' అనే మారు రూపంలో దాచాలి. ఆ సంగతి సర్వర్‌కు అమరికలో చెప్పకపోతే, అది మారు రూపాన్ని అసలు పాస్‌వర్డుతో పోల్చి చూస్తుంది. ఆ రెండూ ఎన్నటికీ కలవవు.

బొమ్మ చేసిన తమాషా

ఒక్కోసారి లాగిన్ అయ్యాక కోరిన పేజీకి బదులు తెర మీద కళాశాల చిహ్నం ఒక్కటే ప్రత్యక్షమవుతుంది! ఎందుకు? లాగిన్ పేజీలో ఉన్న ఆ బొమ్మకు కూడా తాళం వేశారు. బ్రౌజర్ బొమ్మను అడగగానే సర్వర్ దానినే 'చివరగా అడిగినది'గా రాసుకుంది. లాగిన్ కాగానే అక్కడికే పంపింది. లాగిన్ పేజీ రంగులు, బొమ్మలు లేకుండా వెలవెలబోతూ కనిపిస్తే ఇదే కారణమేమో చూడండి. బొమ్మలు, రంగుల ఫైళ్లను తాళం బయట ఉంచితే చాలు.

పాస్‌వర్డ్ ఇచ్చిన ప్రతిసారీ మళ్లీ లాగిన్ పేజీయే వస్తుంటే టోకెన్‌ను అనుమానించాలి. 'సురక్షిత దారిలోనే వెళ్లు' అని గుర్తు వేసిన కుకీని బ్రౌజర్ మామూలు హెచ్‌టీటీపీ దారిలో పంపదు. టోకెన్ చూపని వారు సర్వర్‌కు కొత్తవారే.

కాబట్టి వరస ఇది: ముందు అంకె, తర్వాత ఫారం పేర్లు, ఆపైన కుకీ, హ్యాష్, చివరకు హోదా. ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. ఒకేసారి నాలుగు మారిస్తే, లాగిన్ అయినా ఏది సరిచేసిందో తెలియదు. మన ఆదిత్యపూర్ విద్యార్థులు కూడా ఈ వరసలో వెతికితే ఆ రాత్రే లోపం దొరకవచ్చు. తాళం తీసే అవసరం మాత్రం రాదు.